సీడీతో తాళము గలిపిన పియానో

ముందు వాద్యకారుడు లేని పియానో యొకటి. బజారున ఎవరైనను కొనదగిన సాధారణమైన సీడీని దానికి చేర్చిన పెట్టెలో నుంచినంతనే, స్పీకర్లనుండి గాయకుని కంఠమును తక్కిన వాద్యములును వినవచ్చుచుండగా, పియానో మెట్లు తమంత దామే క్రుంగుచు లేచుచు ఆ పాటతో లయ తప్పక మ్రోగుచుండును. ఆ సీడీని ముద్రించినవారు ఈ పియానోను ఉద్దేశించి యేమియు చేసియుండలేదు. అందు దీనికై వ్రాసిన సంజ్ఞ యొక్కటియు లేదు. అట్టిచో నిది యే పాటయని పియానో యెట్లెరుగును? ఎరిగినను, పాట యిప్పుడెంతవరకు వచ్చినదో యెట్లు తెలిసికొనును? ఈ రెండు ప్రశ్నలకును ఇంజనీర్లు సాధించిన సమాధానములు, నా దృష్టిలో, స్వయముగా వాయించు పియానో చరిత్రయందెల్ల మిక్కిలి సుందరమైన ఘట్టము.

ఆ చరిత్ర పాతదే. 1895లో డెట్రాయిట్ నగరమున ఎడ్విన్ వోటీ నిర్మించిన పియానోలా, కాళ్ళతో తిత్తులను త్రొక్కగా కలుగు గాలి పీల్పుచేతను, కాగితపు చుట్టపై తొలిచిన రంధ్రముల యాజ్ఞచేతను మెట్లను నొక్కెడిది. 1904లో జర్మనీయందలి ఫ్రైబుర్గ్ నుండి వెలువడిన వెల్టే-మిన్యోన్, మెట్టు నెప్పుడు నొక్కవలెనను దానినే గాక ఎంత బలముతో నొక్కవలెనను దానిని గూడ చుట్టపై నిలుపగలిగెను; గ్రీగ్, మాలర్, దెబుస్సీ వంటి స్వరకర్తలు దానికై వాయించిరి. రేడియోయు, గ్రామఫోనును, 1929 నాటి ఆర్థికమాంద్యమును కలిసి ఆ వ్యాపారమును కూల్చినవి. 1978లో పియానోకార్డర్ అను యంత్రము కాగితపు చుట్టకు మారుగా కాసెట్టును, తరువాతి దశకమున యమహావారి డిస్క్లావియర్ ఫ్లాపీని తెచ్చినవి. గాలికి బదులు ప్రతి మెట్టునకు నొక సోలినాయిడ్, అనగా విద్యుత్తు పారినపుడు కడ్డీని త్రోయు తీగచుట్ట, అమరెను. ఆజ్ఞలు 1983లో వెలసిన మిడి భాషలోనికి మారెను. అయినను ఈ యంత్రములు తమ కాలమును తామే నడుపుకొను నేకాకులు. పియానోలాతో నెవరైన పాడదలచినచో, వేగమును సవరించు మీటకడ మనుష్యుడు కూర్చుండవలసినదే.

సీడీతో జోడు కూర్చుటకు సులభోపాయ మొకటి కలదు: రెండు ధ్వనిమార్గములలో ఒకదాన పాటను, రెండవదాన మిడి ఆజ్ఞలను ధ్వనిరూపమున నింపుట. రెండును ఒకే పళ్ళెముపై నుండుటచే తాళము తప్పు ప్రసక్తియే లేదు. కాని పాట స్టీరియో గుణమును గోల్పోవును. అంతకు మించి, అట్టి సీడీని ప్రత్యేకముగా ముద్రింపవలెను. జనుల యిండ్లలో నదివరకే యున్న సీడీలకు అది అక్కరకు రాదు. రెండవ త్రోవ కఠినతరము, కాని ఉదాత్తము. అందు ఆజ్ఞలు ఫ్లాపీమీదనో యంత్రపు జ్ఞాపకమునందో వేరుగా నుండును. సీడీ యథాతథముగా నిలుచును.

సాధారణమైన సీడీపై యంత్రమునకు దెలియురీతిని పాట పేరు వ్రాసియుండదు. లోపలి యంచున మాత్రము ఒక విషయసూచిక యుండును: పాటలెన్ని, ప్రతి పాటయు ఏ నిమిషమున, ఏ సెకనున, సెకనులో ఎన్నవ 75వ వంతున మొదలగునో అందు గలదు. పది పన్నెండు పాటల యారంభస్థానములు ఇంత సూక్ష్మముగా వేరొక సీడీతో సరిపోవుట మిక్కిలి యరుదు. పెండ్లికి అరువిచ్చిన గుండిగపై పేరు చెక్కకున్నను, ఇల్లాలు సొట్టలనుబట్టియు బరువునుబట్టియు తనదానిని పోల్చుకొనునట్లు, పియానో ఈ కొలతలనుబట్టి సీడీని పోల్చుకొని, దానికి దగిన ఆజ్ఞావళిని తీయును.

పోల్చుకొనుట యొక యెత్తు, వెంట నడచుట యొక యెత్తు. ఏ రెండు స్ఫటిక గడియారములును సరిగా నొకే వేగమున నడువవు. పదివేలలో ఒకవంతు భేదమున్నను నాలుగు నిమిషముల పాట ముగియునప్పటికి 24 మిల్లీసెకన్ల యెడము వచ్చును. అందుచే పియానో తన గడియారమును విడిచి సీడీనే కాలమడుగును. సెకనునకు 44,100 నమూనాలుగా నిలిచిన ధ్వనియందు 588 నమూనాల కొక భాగము చొప్పున సెకనునకు 75 భాగములేర్పడును. ప్రతి భాగముతోడను, చెవికి వినరాని క్యూ అను ఉపమార్గమున 98 బిట్ల పంక్తి యొకటి వచ్చును. పాట సంఖ్యయు, ఆ పాటలో గడచిన కాలమును, పళ్ళెము మొదలుకొని గడచిన కాలమును అందుండును. తుది 16 బిట్లు ఆ పంక్తి చెడినదో లేదో పరీక్షించుటకు. శ్రోత పాటను నడుమ నాపినను, ముందునకు దుమికించినను, పియానో ఆ పంక్తిని చదివి తన స్థానమును సరిచేసికొనును. గీతపడిన చోట పంక్తులు చెడినచో, మంచి పంక్తి దొరకువరకు తన గడియారముతో నెట్టుకొనివచ్చును.

ఇంతటితో చిక్కు తీరలేదు. ఒకే సంపుటిని మరల ముద్రించునప్పుడు పాట ముందరి నిశ్శబ్దము కొంచెము హెచ్చుటయో తగ్గుటయో కలదు. అప్పుడు సీడీ చెప్పు కాలము సత్యమే యైనను, పాట ఆ కాలమున ఉండదు. అందుకై యమహా ఇంజనీర్లు ధ్వనినే సాక్షిగా గైకొనిరి. పాటలోని కొంత ధ్వనితరంగమును ఆజ్ఞలతోబాటు భద్రపరచి, సీడీనుండి వచ్చు ధ్వనిపై దానిని కొంచెము కొంచెముగా జరుపుచు పోల్చి, సాదృశ్యము శిఖరమునందిన క్షణమునుండి లెక్కను సవరింతురు.

ఇక చెక్కయు ఉన్నియు గల సుత్తి సంగతి. గట్టి స్వరమున మెట్టు కదలిన సుమారు 25 మిల్లీసెకన్లలో సుత్తి తీగను తాకును. అతిమృదు స్వరమునకు 100 మిల్లీసెకన్లకు మించి పట్టును. ఈ తారతమ్యమును మాన్పుటకు డిస్క్లావియర్, ఆజ్ఞ యందిన 500 మిల్లీసెకన్లకు ప్రతి స్వరమును పలికించును; ఆ వ్యవధిలో మృదుస్వరపు మెట్టును ముందుగను, గట్టిస్వరపు మెట్టును ఆలస్యముగను కదల్చును. కాబట్టి ఆజ్ఞలను అంత ముందుగా పంపుటయో, సీడీ ధ్వనిని అంతమేర నిలుపుటయో జరుగవలెను. ఇన్ని చేసియు, స్పీకరును నాలుగున్నర మీటర్ల దూరమున నుంచినచో, పియానోకడ నున్నవానికి పాట సెకనులో 75వ వంతు వెనుకబడి వినబడును. అందుచే స్పీకర్లను పియానో యడుగుననో ప్రక్కననో అమర్తురు.