బందరు రైలుకు చివరి ఏడున్నర కిలోమీటర్లు

గుడివాడ జంక్షన్‌లో బందరు బండి ఎక్కితే దిగేదాకా 37 కిలోమీటర్లే. నూజెళ్ల, గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, ఆ తర్వాత మచిలీపట్నం, అదే బందరు. అక్కడితో పట్టాలు అయిపోతాయి. బందరు అంటేనే రేవు. అయినా ఇవాళ రైలు ఊళ్లోనే ఆగుతుంది, సముద్రం దాకా పోదు.

పొట్టి రైలు మార్గం బతకాలంటే దాని కొసన ఏముందన్నది ముఖ్యం. కాలిఫోర్నియా ఎడారిలో ట్రోనా రైల్వే అని ఒకటుంది. 1914లో పూర్తయింది, పొడవు 49 కిలోమీటర్లు. చుట్టూ జనం లేరు, పంట లేదు. కొసన ఎండిన ఉప్పు సరస్సు, దాని ఒడ్డున సోడా యాష్ తీసే కర్మాగారం ఉన్నాయి. ఆ కర్మాగారం సరుకే బండిని నడిపింది. మనది దీనికి తిరగేసిన కథ. దారి పొడవునా వరిచేలు, కాలువలు, ఊళ్లు ఉన్నాయి. కొసన మాత్రం గూడ్సుకు నిత్యం పని చెప్పే సరుకు లేదు.

విజయవాడ నుంచి బందరుకు మీటర్ గేజ్ రైలు వచ్చింది 1908లో. అప్పటికే రేవు దెబ్బతిని ఉంది. 1864 నవంబరు 1 నాటి తుపాను, ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఒడ్డు పూడిపోతుండడంతో ఓడలు దూరంగా లంగరు వేసేవి. పైగా ధాన్యానికి అప్పటికే పడవ కాలువలున్నాయి. అంటే రైలు వచ్చేసరికే సరుకు వేరే దారి పట్టింది. తర్వాత 1,000 మిల్లీమీటర్ల గేజ్ పోయి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ వచ్చింది. ఈమధ్య విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, నిడదవోలు కలిపి 221 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ పథకంలో ఈ శాఖ కూడా చేరింది.

ఇక కొత్త రేవు. 2008, 2019, 2023లలో మూడు శంకుస్థాపనలు చూసిన ఊరిది. శిలాఫలకాలకు సరుకు రవాణా ఉంటే బందరు ఎప్పుడో బాగుపడేది! చివరి పథకం అంచనా 5,156 కోట్ల రూపాయలు. మొదటి దశలో నాలుగు బెర్తులు, ఏటా సుమారు 3.5 కోట్ల టన్నుల సామర్థ్యం. రేవును పట్టాలకు కలిపేందుకు పెడన వైపు నుంచి వేయాలనుకున్న లైను ఏడున్నర కిలోమీటర్లు.

ఆ ఏడున్నర కిలోమీటర్ల విలువేమిటో లెక్క కడదాం. 3.5 కోట్ల టన్నులను 365తో భాగిస్తే రోజుకు దాదాపు 96 వేల టన్నులు. అందులో సగం రైలెక్కుతుందనుకుందాం, అంటే 48 వేలు. బొగ్గు గూడ్సు ఒకటి సుమారు 3,800 టన్నులు మోస్తుంది. రోజుకు పదమూడు బండ్లు కావాలి, ఖాళీగా వచ్చే పదమూడు అదనం. మొత్తం 26, అంటే దాదాపు ప్రతి 55 నిమిషాలకు ఒకటి, ప్యాసింజర్లు కాక. అదే సరుకు రోడ్డెక్కితే 25 టన్నుల లారీలు 1,920 కావాలి. పెడనలో రోడ్డు దాటేవాళ్లకు ఈ అంకె చాలు.

3.5 కోట్లు పూర్తి సామర్థ్యం మాత్రమే, మొదటి ఏడాదే వచ్చే సరుకు కాదు. పైగా ఉత్తరాన కాకినాడ, దక్షిణాన కృష్ణపట్నం ఇప్పటికే పట్టాలున్న రేవులు. సరుకు వాటిని కాదని ఇటు రావాలి.

రేవు సంగతి అలా ఉంచితే, పక్కనే ఉన్న దివిసీమకు రైలే లేదు. అవనిగడ్డ ధాన్యమైనా, నాగాయలంక రొయ్యలైనా లారీ ఎక్కాల్సిందే. కృష్ణకు అవతల తెనాలి నుంచి వచ్చే 34 కిలోమీటర్ల లైను రేపల్లెలో ఆగుతుంది, ఇవతల మనది బందరులో ఆగుతుంది. రెండు కొసల మధ్య నలభై ఐదు కిలోమీటర్ల పైచిలుకు లైను వేయమని జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు. పులిగడ్డ, పెనుమూడి వంతెన మీద లారీలు మాత్రం ఇటూ అటూ తిరుగుతున్నాయి.