భేదిఉప్పూ – గర్భిణీ స్త్రీలూ

అమ్మాయి ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చింది. సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగుతున్నాయి. "గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు భేదిఉప్పు వేసి కాళ్ళు పెట్టుకోవే" అంటారు పక్కింటి పిన్నిగారు. "విరోచనం సరిగా కావటం లేదటగా, ఆ ఉప్పే ఓ చెంచాడు తాగించండి" అంటారు ఎదురింటావిడ. ఈ రెండు సలహాలూ ఒకటి కావు.

భేదిఉప్పు అంటే మెగ్నీషియం సల్ఫేటు. ఇంగ్లండులో ఎప్సం అనే ఊరి చేదునీటి నుంచి 17వ శతాబ్దంలో దీన్ని తీశారు. ఎప్సం సాల్టు అన్న పేరు అలా వచ్చిందే.

కాళ్ళు నానబెట్టుకోవటంవల్ల సాధారణంగా హాని లేదు. పది పదిహేను నిమిషాలు చాలు. నీళ్ళు మాత్రం వేడిగా ఉండరాదు. ఒళ్ళంతా వేడినీళ్ళలో ఉంచి చాలాసేపు కూర్చోవటం, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, బిడ్డకు మంచిది కాదు. పుండ్లూ, పగుళ్ళూ ఉంటే ఉప్పునీళ్ళ జోలికి పోవద్దు. అయితే ఆ హాయి చాలావరకు వెచ్చని నీటిదే. ఉప్పు చర్మంలోంచి ఇంకి వాపు తీసేస్తుందనటానికి గట్టి ఆధారం లేదు.

తాగటం సంగతి వేరు. ఈ ఉప్పు ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగి విరోచనాలు చేయిస్తుంది. గర్భిణి నీరసించిపోతుంది. మూత్రపిండాలు బాగాలేనివారికైతే మెగ్నీషియం రక్తంలో పేరుకుని ఊపిరికే ముప్పు రావచ్చు. కాబట్టి డాక్టరు చెప్పనిదే తాగించకండి. మలబద్ధకానికి మంచినీళ్ళూ, ఆకుకూరలూ, పళ్ళూ ముందు చూడండి.

చిత్రమేమంటే, ఈ మెగ్నీషియం సల్ఫేటే ఆసుపత్రిలో ఇంజెక్షనుగా ప్రాణం నిలుపుతుంది. రక్తపోటు పెరిగిన గర్భిణులకు ఫిట్సు రావచ్చు. మన పెద్దలు గుర్రపువాతం అనేది దీన్నే. 33 దేశాల్లో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిపిన పరిశీలన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఈ మందు ఆ ఫిట్సు ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించిందని తేలింది. కాని అక్కడ మోతాదుకు లెక్క ఉంటుంది. ఊపిరినీ, మూత్రాన్నీ, మోకాలి కదలికనూ కనిపెట్టి చూస్తూ ఇస్తారు. వంటింటి చెంచా ఆ పని చేయలేదు.

అసలు భయం ఉప్పుతో కాదు, వాపును తేలిగ్గా తీసుకోవటంతో. సాయంత్రం పొంగి రాత్రి పడుకోగానే తగ్గే పాదాలకు కంగారు అక్కరలేదు. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, తలనొప్పి వదలకపోయినా, చూపు మసకబారినా, డొక్కకింద నొప్పి వచ్చినా నీళ్ళు కాచుతూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బండి దొరక్కపోతే 108కి ఫోను చేయండి.

ఉప్పు పొట్లం కోసం కొట్టుకు పంపేముందు, అమ్మాయి రక్తపోటు ఒకసారి చూపించండి.