టన్ను గుమ్మడికి గోరంత పగులు

2021 శరదృతువులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక గుమ్మడికాయను త్రాసుపైకి ఎక్కించారు. అది 2,520 పౌన్లు తూగింది. మన లెక్కలో సుమారు 1,143 కిలోలు. అయినా దానికి పందెంలో స్థానం దక్కలేదు. కాయపై ఒకచోట గోరంత పగులు కనిపించడమే అందుకు కారణం. పగులు లోపలి బోలు దాకా చొచ్చుకొని పోయినా, ఎక్కడైనా కుళ్ళు పట్టి రంధ్రం పడినా ఆ కాయ ప్రదర్శనకే గాని పోటీకి పనికిరాదు. ఎంత బరువైనా సరే, ఈ నియమానికి మినహాయింపు లేదు.

గుమ్మడి మన పెరటికి కొత్తది కాదు. దిబ్బ మీద పడిన గింజ మొలిచి, పాకి, కప్పు మీదికెక్కి ఇంటిల్లిపాదికీ సరిపడే కాయలనిస్తుంది. సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల తలపై పూవుగా మెరుస్తుంది. పండుగనాడు పులుసులో ముక్కగా తేలుతుంది. ఇంత సులభంగా కాసే తీగ మరొకటి లేదని మన గృహిణుల నమ్మకం. అటువంటి తీగకు, చంటిబిడ్డకు చేసినట్లు, ఆరు నెలలపాటు రాత్రింబవళ్ళు ఊడిగం చేసి, చివరకు ఒక్క రాత్రి వానకు సర్వం పోగొట్టుకొనేవారు ప్రపంచంలో వేలాదిగా ఉన్నారంటే ఆశ్చర్యం కలుగుతుంది. వీరిలో ఉపాధ్యాయులున్నారు, ఇంజనీర్లున్నారు, రైతులున్నారు. పోటీలో గెలిచే ఏ కొద్దిమందికో తప్ప ఈ కాయల వల్ల లాభం లేదు. అయినా ఏటేటా గింజ నాటుతూనే ఉంటారు.

నాలుగు వందల పౌన్ల నుంచి టన్ను దాకా

ఈ మహాకాయల జాతి దక్షిణ అమెరికాలో పుట్టింది. శాస్త్రజ్ఞులు దీనిని కుకుర్బిటా మాక్సిమా అంటారు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క సూర్యముఖి కూడా ఈ జాతిదే. దాని కాయ సుమారు కిలో బరువు ఉంటుంది. ఒకే జాతిలో ఒకటి కిలో, మరొకటి టన్ను!

1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు కెనడాలోని గోడ్‌రిచ్ పట్టణవాసి విలియం వార్నాక్ 400 పౌన్ల కాయను పంపించాడు. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనలో ఆయన కాయే 403 పౌన్లు తూగింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 451 పౌన్ల కాయ కాసే వరకు, అంటే 1976 దాకా, ఆ రికార్డును ఎవరూ దాటలేకపోయారు. డెబ్బై ఏళ్ళకు పైగా గుమ్మడి అక్కడే ఆగిపోయింది.

ఆ స్తబ్ధతను తొలగించినవాడు కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతానికి చెందిన హోవర్డ్ డిల్ అనే రైతు. ఏళ్ళ తరబడి పెద్ద కాయల గింజలను ఏరి, సంకరం చేసి, మళ్ళీ ఏరి ‘అట్లాంటిక్ జెయంట్’ అనే రకాన్ని తయారు చేశాడు. 1979 నుంచి 1982 వరకు వరుసగా నాలుగేళ్ళు ప్రపంచ విజేతగా నిలిచాడు. 1981లో ఆయన కాయ 493.5 పౌన్లు తూగింది. 2008లో ఆయన కన్నుమూసే నాటికి రికార్డు 1,689 పౌన్లకు చేరింది. నేటి మహా గుమ్మడికాయలన్నీ దాదాపుగా ఆయన గింజల సంతానమే.

వేయి పౌన్ల మైలురాయిని 1996లో న్యూయార్క్ రాష్ట్రపు దంపతులు దాటారు. రెండు వేల పౌన్లను 2012లో రోడ్ ఐలండ్‌కు చెందిన రాన్ వాలెస్ దాటాడు. ఆపై రికార్డు స్విట్జర్లండ్‌కు, బెల్జియంకు, ఇటలీకి, తిరిగి అమెరికాకు చేతులు మారి, 2025 అక్టోబరులో ఇంగ్లండుకు చేరింది. ఇయాన్, స్టువర్ట్ పేటన్ అనే కవల సోదరులు పెంచిన కాయ 2,819 పౌన్లు, అనగా 1,278 కిలోలకు పైబడి తూగింది. వారు ఈ కృషి ప్రారంభించి అప్పటికి అర్ధశతాబ్ది గడిచింది.

ప్రతి నెలా ఒక గండం

ఈ చరిత్రలో కనిపించేవి గెలిచిన కాయలు మాత్రమే. పొలంలోనే రాలిన కాయల సంఖ్య వీటికి ఎన్నో రెట్లు. శీతల దేశాలలో గుమ్మడి జీవితం ఏప్రిల్ చివర ఆరంభమై అక్టోబరుతో ముగుస్తుంది. ఈ ఆరు నెలలలో గండం లేని నెల లేదు.

గింజ పైపెంకు దళసరి. దాని అంచులను గరుకు కాగితంతో రుద్ది, నానబెట్టి, వెచ్చని గదిలో మొలిపిస్తారు. మే నెలలో మొక్కను ఆరుబయట నాటేసరికి అక్కడ రాత్రుళ్ళు ఇంకా మంచు కురుస్తూ ఉంటుంది. గడ్డకట్టే చలికి గుమ్మడి మొక్క ఒక్క రాత్రి కూడా తాళలేదు. అందుచేత మొక్కపై ప్లాస్టిక్ గుడారం కడతారు. కొందరు మట్టిలో విద్యుత్తు తీగలు పరచి నేలను వెచ్చబరుస్తారు.

జూన్‌లో తీగ పాకనారంభిస్తుంది. ఇక భయం గాలితో. వేళ్ళు ఇంకా దిగని లేత తీగను ఈదురుగాలి ఒక్క విసురుతో చాపను చుట్టినట్లు చుట్టి, మొదలు దగ్గర విరిచివేస్తుంది. దీనికి విరుగుడుగా తీగకు ఇరువైపులా వెదురు పుల్లలు అడ్డంగా గుచ్చి ఆపుతారు. ప్రతి కణుపు దగ్గర మట్టి కప్పుతారు. కణుపు నుంచి వేళ్ళు దిగితే తీగ తనను తానే నేలకు బిగించుకుంటుంది. పైగా ఆ వేళ్ళు కాయకు అదనంగా ఆహారం అందిస్తాయి.

వడగళ్ళకు మాత్రం విరుగుడు లేదు. పొలమంతటినీ గొడుగు కింద ఉంచడం అందరి వల్లా అయ్యే పని కాదు. గొడుగంత ఆకులు పది నిమిషాలలో చిల్లుల గుడ్డలవుతాయి. మొక్క చావదు, పక్క తీగల నుంచి కొత్త ఆకులు వేస్తుంది. కాని కాయ ఊరవలసిన రోజులు ఆకులు వేయడంలోనే గడచిపోతాయి. పోయిన ఆకు తిరిగి వస్తుంది, పోయిన కాలం తిరిగి రాదు.

జూన్ చివరన, జూలై మొదటి వారంలో ఆడపూలు విచ్చుకుంటాయి. ఆడపువ్వు తెరచుకొని ఉండేది ఒక్క ఉదయమే. తేనెటీగలకు విడిచిపెడితే ఏ పూవు పుప్పొడి తెస్తాయో తెలియదు కనుక ముందునాటి సాయంత్రమే పూవును మూసి కట్టి, తెల్లవారగానే ఎంచిన మగపువ్వు పుప్పొడిని చేతితో అద్దుతారు. ఆ రోజులలో ఎండ 32 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే పిందె నిలవడం కష్టం. పసుపుబారి రాలిపోతుంది. అందువల్ల పూవుకు నీడ పట్టి, పక్కన మంచుగడ్డలుంచి చల్లబరిచేవారూ ఉన్నారు.

పెరుగుదలే శత్రువు

నిలిచిన పిందెలలో ఒక్కదానిని ఉంచి మిగిలిన వాటిని తుంచివేస్తారు. ఇక్కడే అసలైన జూదం ఉన్నది. మొక్క శక్తి అంతా ఒకే కాయకు చేరితే గాని అది మహాకాయ కాదు. ఆ ఒక్కటీ పోతే మొక్క మొత్తం వృథా. రెండు మూడు మొక్కలు పెంచగల స్థలమున్నవారు కొంత ధైర్యంగా ఉంటారు. చిన్న పెరడులో ఒకే మొక్క పెంచేవారికి అదే సర్వస్వం.

ఆ తరువాత కాయ పెరిగే వేగం నమ్మశక్యం కాదు. మంచి దశలో రోజుకు ఇరవై కిలోల దాకా బరువు కడుతుంది. తూచే వీలు లేదు కనుక కాయ చుట్టుకొలతను, నిలువుగా ఒకటి అడ్డంగా ఒకటి పైనుంచి తీసిన కొలతలను టేపుతో చూసి, ఆ మూడింటినీ కలిపి, పట్టికలో బరువు అంచనా కడతారు. ప్రతి సాయంకాలం ఈ కొలత ఒక పూజవంటిది. కొలత పెరగకపోతే దిగులు. మరీ పెరిగితే అంతకంటె దిగులు.

ఎందుకంటే ఈ కాయను పగులగొట్టేది ఎక్కువగా దాని పెరుగుదలే. కొన్నాళ్ళు నేల ఎండి, తొక్క గట్టిపడిన సమయంలో హఠాత్తుగా కుండపోత వాన కురిసిందనుకొందాం. వేళ్ళు ఒక్కసారిగా నీరు తాగుతాయి. లోపలి గుజ్జు ఉబ్బుతుంది; గట్టిపడిన తొక్క ఆ వేగంతో సాగలేదు. తొడిమె దగ్గరనో, పూవు రాలిన కొసననో కాయ చీలిపోతుంది. అంతకుముందు రోజు వరకు ఊరంతా వచ్చి చూసి వెళ్ళిన కాయ పందులకు మేతగా మిగులుతుంది. అనావృష్టికి పంట పోవడం మన రైతుకు తెలుసు, అతివృష్టికి పోవడం తెలుసు. ఈ గుమ్మడి ఒకదాని వెంట ఒకటి వస్తే పోతుంది.

కనుక అనుభవజ్ఞులు వాన కోసం ఎదురుచూడరు. నేలను ఎన్నడూ పూర్తిగా ఎండనివ్వక, నీటిని కొద్ది కొద్దిగా పలుమార్లు ఇస్తారు. 2023లో 2,749 పౌన్ల కాయతో రికార్డు నెలకొల్పిన మినెసోటా ఉద్యాన శాస్త్ర బోధకుడు ట్రావిస్ గీంగర్ ఆ ఏడు రోజుకు పన్నెండు సార్ల దాకా నీరు పెట్టాడు. ఎండకు తొక్క బిరుసెక్కకుండా కాయపై నీడ కడతారు. రాత్రి చలికి దుప్పటి కప్పుతారు. కాయ ఉబ్బి తొడిమెను లాగకుండా సమీపంలోని వేళ్ళను తెంచి తీగకు సడలింపు ఇస్తారు. అడుగున తేమ చేరి కుళ్ళకుండా ఇసుక పోస్తారు.

వాన రోజుల తరబడి పట్టుకుంటే మరో బాధ. నీట మునిగిన నేలలో వేళ్ళకు ఊపిరాడదు. శిలీంధ్రాలు విజృంభిస్తాయి. మొక్క మొదలు మెత్తబడి కుళ్ళు వాసన వేస్తుంది. అప్పుడు కుళ్ళిన భాగాన్ని కత్తితో గీకి, మందు చల్లి, ఎదురుగా విద్యుత్తు పంకా పెట్టి గాయాన్ని ఆరబెడతారు. గుమ్మడి మొదలుకు విసనకర్ర వీచడం చూసేవారికి నవ్వు తెప్పించవచ్చు. ఆ గాయం ఆరకపోతే తీగ మరునాటికి వాడిపోతుంది.

బలమూ బలహీనతా ఒక్కటే

ఈ కాయ ఇంత సుకుమారమైనది కావడానికి కారణాన్ని విజ్ఞానశాస్త్రం కొంతవరకు వివరించింది. 2011లో జార్జియా టెక్ విద్యాసంస్థకు చెందిన డేవిడ్ హూ బృందం, కాయ పెరిగేకొద్దీ తన బరువుకు తానే అణగి, గుండ్రదనం కోల్పోయి చదునవుతుందని చూపింది. 2015లో జెసికా శావేజ్, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధన మరొక రహస్యం విప్పింది. మహా గుమ్మడి ఆకులు మామూలు తెగల ఆకుల కంటె ఎక్కువ చక్కెర తయారు చేయవు. చక్కెరను కాయకు మోసుకుపోయే నాళాల కణజాలం మాత్రం వీటిలో అధికం. అంటే తరతరాలుగా గింజలను ఏరుతూ వచ్చినవారు, తమకు తెలియకుండానే, పెద్ద వంటశాలను గాక పెద్ద కాలువను ఎంచుకున్నారన్నమాట.

బరువు ఒక్కటే లక్ష్యంగా ఎంపిక జరిగినప్పుడు రుచి, నిలువ ఉండే గుణం, తట్టుకొనే శక్తి వెనుకబడడం సహజం. పెరట్లో తనంతట తాను కాసే గుమ్మడికి లేని రోగాలు, భయాలు దీనికి ఇందువల్లనే వచ్చాయి. మనిషి చేయి ఒక్క వారం ఆగితే ఇది బ్రతకదు.

ఓడినవారి విద్య

2024లో మినెసోటాలో వాన విపరీతంగా కురిసింది, శరత్కాలం చల్లబడింది. గీంగర్ కాయ ఆ ఏడు 2,471 పౌన్ల వద్ద ఆగింది. కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో విజయం ఆయనకే దక్కినా, తన రికార్డుకు 278 పౌన్లు తక్కువ. ఆ పోటీలోనే బ్రాండన్ డాసన్ అనే ఇంజనీరు కేవలం ఆరు పౌన్ల తేడాతో ద్వితీయ స్థానంలో మిగిలిపోయాడు. ఆరు పౌన్లంటే మూడు కిలోలైనా కాదు. ఆగస్టులో కాయ కొన్ని గంటలలో సంపాదించే బరువు. ఏ మబ్బు పట్టిన మధ్యాహ్నం ఆ ఆరు పౌన్లను తిన్నదో ఎవరూ చెప్పలేరు. మరుసటి ఏడు, 2025లో, డాసన్ 2,346 పౌన్ల కాయతో అదే పోటీలో ప్రథముడయ్యాడు. ఓడిన నాటి కాయ కంటె గెలిచిన నాటి కాయే తేలిక!

ఈ కృషిలో ఓటమి వృథాగా పోకపోవడానికి మరొక కారణం ఉన్నది. పగిలిన కాయలోనూ గింజలుంటాయి. పెంచినవారు ఆ గింజలను కాయ బరువుతో, తమ పేరుతో, సంవత్సరంతో గుర్తించి భద్రపరుస్తారు. తమతో పోటీపడేవారికి కూడా పంచుతారు. పగిలిన కాయ వంశమే మరొకరి పొలంలో మరుసటి రికార్డుకు తల్లి కావచ్చు. ఏ ఎరువు చెడగొట్టింది, ఏ వానకు ఏమి జరిగింది అన్న వివరాలనూ ఒకరికొకరు దాచరు. నాలుగు వందల పౌన్ల వద్ద డెబ్బై ఏళ్ళు నిలిచిపోయిన కాయ, ఆ తరువాత యాభై ఏళ్ళలోపున ఏడింతలు కావడానికి డిల్ గింజతో పాటు ఈ పంపకం కూడా తోడ్పడింది.

అక్టోబరులో త్రాసుల సందడి ముగుస్తుంది. తెగిన తీగలను పెంచినవారే ఎత్తివేస్తారు. పగిలిన కాయల నుంచి గింజలు కడిగి, నీడలో ఆరబెడతారు. పశువుల ఎరువు బండ్లు వచ్చి పడతాయి. వచ్చే ఏటి వాన ఎప్పుడు కురుస్తుందో, గాలి ఎటు వీస్తుందో తెలియదు. మట్టిని సిద్ధం చేయడం మాత్రం వారి చేతిలో ఉన్న పని. మంచు పడకముందే ఆ పని మొదలవుతుంది.