ఇంటికిని బజారునకును ఒకే మానిక



మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో ధాన్యము గొలిచిన మానికను పెద్దలందరు నెరుగుదురు. కొనునపుడు పెద్ద మానికను, అమ్మునపుడు చిన్న మానికను వాడువానిని ఊరెల్ల దొంగ యనును. బైబిలునందలి ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము ఇంకొక మెట్టు ముందుకు బోయి, అట్టి రెండు కొలతలను ఇంటిలో నుంచుకొనుటయే కూడదని శాసించుచున్నది. క్రైస్తవుని నడవడికి నా కింతకంటె తగిన గురుతు కానరాదు.

నా తప్పునే చెప్పెదను. మా సంఘపు స్త్రీలు వంటకు ముందు దేవునిపేర పిడికెడు బియ్యము తీసి యుంచుట వాడుక. ఒక యేడు ఆ బియ్య మమ్మిన సొమ్ము నాయొద్ద నుండెను. ఇంట జ్వరములు రాగా నందు కొంత వాడుకొని, పంట చేతికి రాగానే తీర్చితిని. కాని లెక్క చదివిన దినమున ఆ సంగతి చెప్పనైతిని. ఆ యేటనే, ఊరి సొమ్ము వాడుకొన్న యొకనిని పంచాయతిలో గట్టిగా గద్దించితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సొమ్ము తీరినది గాని, దాచిన మాట తీరలేదు. మరుసటి ఆదివారము సంఘము నెదుట సర్వము నొప్పుకొంటిని. నాటినుండి మా సంఘపు పెట్టెకు ఇద్దరు లెక్కదారులు.

సువార్తలోని జక్కయ్య సుంకము వసూలు చేయువారిలో పెద్ద. యేసు తన యింటికి వచ్చిన దినమున, ఆస్తిలో సగము బీదల కిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లించెదననియు పలికెను. పశ్చాత్తాప మింటిలో గలిగినను, దాని ఫలము బజారునకు జేరవలసినదే.

మన పొరుగున, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో, 1915లో డాక్టరు ఇసాబెల్ కెర్ గారు కుష్ఠరోగులకు వైద్యాలయము నెలకొల్పిరి. ఊరివారు దూరముంచిన రోగులను ఆమె దగ్గరకు దీసిరి. హిందువులైన రాజా నర్సాగౌడు గారు ఆ పనికి ధనసహాయము చేసిరి. ఆమె మతము వారిది కాదు. ఐనను ఆమె చేతిపనిని నమ్మిరి.

కావున క్రైస్తవ సోదరులారా, మనలను మన మిట్లు పరీక్షించుకొందము: మతము వేరైన పొరుగువాడు తన సొమ్మును, తన తగవును మన చేతి కప్పగించి నిశ్చింతగా నిద్రింపగలడా? అట్లు నిద్రించినచో మన యింట నున్నది ఒకే మానిక.