రాతి దుమ్ము మీద ఒక ప్రశ్న

వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగారనుకోండి. ఆ ఊరి చుట్టుపక్కల నాపరాతి గనులు, బండలు కోసి నునుపు చేసే కార్ఖానాలు కనిపిస్తాయి. కోతలో దుమ్ము లేస్తుంది. ఇటు వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో క్షయరోగులకు ఆసుపత్రి వెలిసింది. మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండే ముఖ్య చికిత్స.

ఇప్పుడు ఒక ప్రశ్న. రాతి దుమ్ముకూ క్షయకూ సంబంధం ఉందా?

ప్రపంచంలోని వైద్యులు తమ పరిశోధనలను పత్రికల్లో వ్యాసాలుగా ప్రకటిస్తారు. వాటి పట్టికను 1879లో అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడు పుస్తకంగా అచ్చువేయించడం మొదలుపెట్టాడు. 1964లో ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. 1997 నుంచి ‘పబ్‌మెడ్’ పేరుతో దాన్ని ఎవరైనా ఉచితంగా వెదకవచ్చు. అందులో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి!

ఇంత పెద్ద రాశిలో మనకు కావలసింది దొరికేదెలా? ‘దుమ్ము’ అని ఇంగ్లీషులో అడిగితే వేలకు వేలు వచ్చి పడతాయి. అందుకే ప్రశ్నను ముక్కలు చేయాలి. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పేరు సిలికోసిస్. ‘సిలికోసిస్ ఆండ్ ట్యుబర్‌క్యులోసిస్’ అని అడిగితే రెండు మాటలూ ఉన్న వ్యాసాలే వస్తాయి. ‘ఆండ్’ జల్లెడ వంటిది, వడకడుతుంది. ‘ఆర్’ వల వంటిది. రెంటిలో ఏది ఉన్నా పట్టి తెస్తుంది.

మరో చిక్కు ఉంది. క్షయ, టి.బి., రాజయక్ష్మ అని మనం ఒకే జబ్బును మూడు పేర్లతో పిలవడం లేదూ? ఇంగ్లీషులోనూ అంతే. అందుకే గ్రంథాలయ నిపుణులు ఒక జబ్బుకు ఉన్న పేర్లన్నిటినీ ఒకే శీర్షిక కింద చేర్చారు. ఈ శీర్షికల జాబితాయే ‘మెష్’.

వ్యాసం సారాంశం చాలావరకు అందరికీ కనిపిస్తుంది. పూర్తి వ్యాసానికి కొన్ని పత్రికలు డబ్బడుగుతాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చందా కట్టి తమ విద్యార్థులకు వాటిని అందిస్తాయి. 2000లో మొదలైన ‘పబ్‌మెడ్ సెంట్రల్’లో మాత్రం పూర్తి వ్యాసాలే ఉచితం.

దొరికిందల్లా నమ్మేయకండి. ఎంతమందిని పరీక్షించారు? ఏ రాయి? ఒక్క వ్యాసమా, అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షా? ఇవి గమనించాలి. తాండూరు బండ సున్నపురాయి జాతిది. అందులో సిలికా పాలు గనిని బట్టి మారుతుంది. గ్రానైట్ కార్మికుల లెక్కను యథాతథంగా ఇక్కడికి తేకూడదు.

ఇక జవాబు. సంబంధం ఉంది. సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలను దెబ్బతీస్తాయి. క్షయ క్రిములను మింగి అణచవలసినవి ఆ కణాలే. అందుకే సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ.

రాయి కోసేచోట నీళ్ళు పారిస్తే దుమ్ము లేవడం తగ్గుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా పరీక్ష చేస్తారు. ఈ రెండు మాటలూ మీ ఇంట్లో, వీధిలో చెప్పండి. జబ్బును నిర్ణయించేది మాత్రం డాక్టరే, కంప్యూటరు కాదు.