చెట్టు వలయాలు చెప్పేది ఎండ సంగతా, వాన సంగతా?

కర్లపాలెం నుంచి సముద్రం వైపు వెళ్తే ఇసుక నేలల్లో తాటిచెట్లు, సరుగుడు తోటలు కనిపిస్తాయి. వీటి మాను కోసి చూసి, మూడొందల ఏళ్ల కిందట బాపట్ల సీమలో ఎండలు ఎలా కాశాయో చెప్పగలమా? చెప్పలేం. తాటి, కొబ్బరి, ఈత ఎన్నేళ్లు బతికినా వాటి మానులో ఏటేటా వలయాలు పడవు. వలయాన్ని పెంచే పొర వాటికి లేదు. సరుగుడును నాలుగైదేళ్లకే నరికేస్తారు. చలికాలంలో కూడా చెట్టు ఎదుగుదల ఆగాల్సిన అవసరం లేని ఈ నేలలో, మిగతా చెట్లు సరిగ్గా ఏడాదికొక్క వలయమే వేస్తాయన్న భరోసా లేదు.

మన అడవుల్లో ఇందుకు పనికొచ్చేది టేకు. వేసవిలో ఆకు రాల్చి ఎదుగుదల ఆపుతుంది, వానలతో మళ్లీ అందుకుంటుంది. అందుకే దాని వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు కేరళ టేకు చెట్ల నుంచి 523 ఏళ్ల వలయాల చరిత్రను కూర్చి 2010లో ప్రచురించారు. అందులో బయటపడింది ఎండల లెక్క కాదు, కరవుల జాడ. పసిఫిక్ సముద్రపు నీళ్లు వేడెక్కే ఎల్ నినో వచ్చి రుతుపవనాలు ముఖం చాటేసిన ఏళ్లలో చాలాసార్లు వలయాలు సన్నబడ్డాయి.

కారణం తేలికే. నారు, నీరు సిద్ధంగా ఉన్నా కూలీలు దొరక్కపోతే నాట్లు ఆగినట్టే, చెట్టు ఎదుగుదల కూడా దేనికి కొరత ఉంటే దానికే లోబడుతుంది. మన దగ్గర కొరత నీటికి. పైగా వానలు తప్పిన ఏడే ఎండలూ ముదురుతాయి కాబట్టి, సన్నటి వలయం ఏ దెబ్బకు సన్నబడిందో విడదీయడం కష్టం. ఉష్ణోగ్రతలు లెక్కగట్టాలంటే వెచ్చదనానికే కొరత ఉన్న చోటికి, అంటే ఎత్తయిన కొండలకు, ధ్రువ ప్రాంతపు అడవుల అంచులకు వెళ్లాలి.

అక్కడా అనుమానాలు తీరలేదు. లేత చెట్టు వెడల్పుగా, ముదురు చెట్టు సన్నగా వలయం వేస్తుంది. ఈ వయసు తేడాను లెక్కలో తీసేసేటప్పుడు, శతాబ్దాల పాటు నెమ్మదిగా సాగిన వాతావరణ మార్పు కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోవచ్చు. ఉత్తర ధ్రువం వైపు అడవుల్లో 1960 తర్వాత థర్మామీటర్లు పైకి ఎక్కుతున్నా కొన్ని చెట్ల వలయాలు ఆ వేడిని చూపలేదని శాస్త్రవేత్త కీత్ బ్రిఫా బృందం 1998లో తేల్చింది. నేటి వేడిని పట్టలేని చెట్టు వెయ్యేళ్ల కిందటి వేడిని పట్టి ఉంటుందా అన్నది న్యాయమైన ప్రశ్న. చెట్టు వలయాల వంటి ఆధారాలతో శాస్త్రవేత్త మైకేల్ మాన్ బృందం 1998, 1999లలో గీసిన, గత శతాబ్దాల ఉష్ణోగ్రతల ప్రసిద్ధ రేఖ వెనకున్న గణాంక పద్ధతిని కెనడాకు చెందిన మెకింటైర్, మెకిట్రిక్ ప్రశ్నించారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో ఈ తరహా పరిశోధనలన్నిటినీ పరిశీలించింది. గత 400 ఏళ్ల లెక్కలను గట్టిగా నమ్మవచ్చనీ, అంతకు వెనక్కి వెళ్లేకొద్దీ నమ్మకం తగ్గుతుందనీ, క్రీ.శ. 900కు ముందువాటిపై నమ్మకం చాలా తక్కువనీ చెప్పింది.

అయితే ఈ అనుమానాన్ని పట్టుకుని నేటి భూతాపాన్నే కొట్టిపారేయడం తప్పు. భూమి వేడెక్కుతోందన్న రుజువు చెట్ల మీద ఆధారపడి లేదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. బాపట్లలోనూ దాని కేంద్రం ఉంది. ప్రపంచమంతటా ఇలాంటి కేంద్రాల్లోని థర్మామీటర్లే ఆ సాక్ష్యం చెబుతున్నాయి.

వలయాల పేరు చెప్పి ఎవరైనా పాత ఉష్ణోగ్రతలు వినిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. అది ఏ చెట్టు? ఎక్కడ పెరిగింది? అక్కడ దానికి కొరత వేడికా, నీటికా? వీటికి జవాబు దొరికాకే ఆ లెక్కను నమ్మండి.