బెణుకుకు వావిలాకు మంచిదే.. కానీ!

కాలు బెణికి మడమ వాచిందంటే ఐరాల, కాణిపాకం వైపు ఇళ్లలో పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది వావిలాకే. వాగుల పక్కన పెరిగే ఈ మొక్కనే ఆయుర్వేదం నిర్గుండి అంటుంది. జంతువులపై చేసిన ప్రయోగాల్లో దీని ఆకుల రసం వాపును తగ్గించింది. మనుషులపై పెద్ద అధ్యయనాలు మాత్రం తక్కువే. కాబట్టి దీన్ని ఉపశమనంగానే చూడండి.

ఎలా వాడాలి?

బెణికిన మొదటి 2 రోజులు వేడి తగలనివ్వొద్దు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసుతో 15 నిమిషాల చొప్పున కాపడం పెట్టండి. కాలు ఎత్తులో ఉంచండి. ఆ తర్వాత వావిలాకును కాస్త ఆముదంలో వెచ్చచేసి, మూటకట్టి, వేడిని చేత్తో చూసుకుని 10 నిమిషాలు కాపండి.

ఇవి మరవొద్దు

* మధుమేహంతో పాదాలు మొద్దుబారిన వాళ్లకు కాపడం వద్దు. కాలినా తెలియదు.
* పుండ్లు, గాయాలపై ఆకు పసర్లు పూయొద్దు.
* జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.
* సున్నం, పసుపు పట్టుతో మంట పుడితే వెంటనే కడిగేయండి.

పుత్తూరు కట్టుకు పేరుపడ్డ ప్రాంతం మనది. అయినా నాలుగడుగులు వేయలేకపోతున్నా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోతున్నట్టున్నా ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టు కట్టాక వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేసి ఆసుపత్రికి వెళ్లండి. వాపుతో పాటు జ్వరం ఉన్నా ఆకుతో కాలయాపన చేయొద్దు.